పిల్లలతో ఇంట్లో ఫ్లైలు కట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మేముండేది సెంట్రల్ పెన్సిల్వేనియాలో. చుట్టుపక్కల ట్రౌట్ చేపలుండే వాగులు చాలా ఉన్నాయి, అందుకని చలికాలం శనివారాల్లో మా డైనింగ్ టేబుల్ మీద మా పిల్లలు, స్నేహితుల పిల్లలు కూర్చుని ఫ్లైలు, అంటే చేపల్ని పట్టే ఉత్తుత్తి పురుగులు, కడుతుంటారు. దింపడానికి వచ్చిన తల్లిదండ్రులు, ఫోన్ చేసే మన తెలుగువాళ్ళు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. వాటికి జవాబులు ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. డాలస్‌లో ఉన్నా, న్యూజెర్సీలో ఉన్నా ఇవి పనికొస్తాయి, ఎందుకంటే కట్టే పని ఎక్కడైనా ఒకటే, పట్టే చేప మాత్రమే మారుతుంది.

అసలు ఫ్లై అంటే ఏంటి? ఎరతో పట్టే గాలానికీ దీనికీ తేడా ఏంటి?

మామూలు గాలానికి వానపామో పిండి ముద్దో గుచ్చుతాం. ఇక్కడ గుచ్చేది ఏమీ ఉండదు. హుక్ మీదే దారంతో ఈకలు, ఉన్ని, బొచ్చు, ఫోమ్ ముక్కలు చుట్టి, నీళ్ళలో పురుగులానో చిన్న చేపలానో కనిపించేట్టు చేస్తాం. ఇది ఎంత తేలిక అంటే విసిరితే రెండడుగుల దూరం కూడా పోదు. అందుకే ఫ్లై ఫిషింగ్‌లో బరువంతా లైన్‌లో ఉంటుంది, ఆ లైన్‌ని విసిరితే దాని వెనకాల ఫ్లై వెళుతుంది.

ఏ వయసు నుంచి మొదలుపెట్టొచ్చు?

ఐదారేళ్ళ పిల్లలు మీ పక్కన కూర్చుని ఉన్ని చుట్టగలరు, రంగులు ఎంచగలరు. ముడి, కత్తెర పని మీరే చేయాలి. ఎనిమిది తొమ్మిదేళ్ళు వచ్చేసరికి చాలామంది మొదటి నుంచి చివరి దాకా సొంతంగా కడతారు. వయసు కన్నా నేను చూసేది ఇంకొకటి: దారాన్ని లాగి పట్టుకుని, వదలకుండా పది చుట్లు చుట్టగలరా లేదా. అది వస్తే మిగతాది నేర్పొచ్చు. మూడేళ్ళ తమ్ముడో చెల్లో ఇంట్లో ఉంటే మాత్రం వాళ్ళు పడుకున్నాక మొదలుపెట్టండి, పూసలు, హుక్‌లు నోట్లో పెట్టుకునే వయసు అది.

హుక్‌లు పదునుగా ఉంటాయి కదా, భయం లేదా?

ఉంటాయి, జాగ్రత్తలు తీసుకోవాల్సిందే. ముందుగా, పిల్లల చేతికి బార్బ్ లేని హుక్‌లే ఇవ్వండి. బార్బ్ అంటే మొనకి వెనకాల ఉండే చిన్న ఎదురు ముల్లు, అది ఉన్న హుక్ దిగితే వెనక్కి రాదు. షాపులో బార్బ్‌లెస్ అని అడిగితే విడిగా దొరుకుతాయి. మామూలువే ఉంటే సన్న మూతి పటకారుతో బార్బ్‌ని నొక్కేయండి, అది కూడా కట్టకముందే, ఎందుకంటే కొన్ని హుక్‌లు నొక్కేటప్పుడు పుటుక్కున విరుగుతాయి, అరగంట కష్టపడి కట్టిన ఫ్లై అలా పోతే పిల్లలు ఏడుస్తారు.

హుక్‌ని వైస్‌లో, అంటే దాన్ని పట్టుకునే బిగింపులో, బిగించాక బయటికి కనిపించే మొన మీద చిన్న ఫోమ్ ముక్కో కార్క్ ముక్కో గుచ్చి పెట్టండి. కళ్ళకి అద్దాలు తప్పనిసరి, మీకూ వాళ్ళకీ. టేబుల్ మీద తెల్లటి ట్రే వేసుకుంటే కింద పడింది వెంటనే కనబడుతుంది. పని అయ్యాక ఒక అయస్కాంతాన్ని టేబుల్ కింద, కార్పెట్ మీద ఒకసారి తిప్పండి. మన ఇళ్ళలో చెప్పుల్లేకుండా తిరుగుతాం, అందుకే ఈ పని నేను ఒక్కసారి కూడా వదలను.

వేలికి బార్బ్ లేని హుక్ గుచ్చుకుంటే వచ్చిన దారినే మెల్లగా వెనక్కి వస్తుంది, సబ్బుతో కడిగి టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించారో చూసుకోండి. బార్బ్ ఉన్నది లోతుగా దిగినా, కంటి దగ్గర తగిలినా ఇంట్లో ఏ ప్రయత్నం చేయకుండా నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

ఇంకో విషయం సీసం గురించి. ఫ్లైకి బరువు రావడానికి పాతకాలంలో హుక్ కాడకి సీసపు తీగ చుట్టేవారు, ఇప్పటికీ అమ్ముతారు. పిల్లలున్న ఇంట్లో అది వద్దు. సీసం లేని తీగ, ఇత్తడి పూసలు, టంగ్‌స్టన్ పూసలు దొరుకుతాయి. కట్టడం అయ్యాక చేతులు కడుక్కోనిదే ఏమీ తినకూడదని ముందే చెప్పండి, ఈకలకీ తోళ్ళకీ రంగులు, మందులు వేసి ఉంటారు.

మొదట ఏమేం కొనాలి?

వైస్, బాబిన్, కత్తెర, దారం, హుక్‌లు. అంతే. వైస్ అంటే హుక్‌ని కదలకుండా పట్టుకునే చిన్న బిగింపు పరికరం, టేబుల్ అంచుకి బిగించే రకం తీసుకోండి, పిల్లలు లాగినా ఊగదు. బాబిన్ దారపు ఉండని పట్టుకుంటుంది, దాని బరువుకి దారం వదిలేసినా వదులు కాకుండా వేలాడుతుంది, పిల్లల పనిలో ఇది చాలా పెద్ద సాయం. కత్తెర చిన్నది, మొన దాకా తెగేది కావాలి, దీని మీద మాత్రం కొంచెం ఎక్కువ ఖర్చు పెట్టండి. తెగని కత్తెరతో పిల్లలు ఈకని పీకుతారు, చుట్టినదంతా ఊడుతుంది, అక్కడితో ఆసక్తి పోతుంది.

దారం దగ్గర పెద్దవాళ్ళు చెప్పే సలహా పిల్లలకి సరిపోదు. పెద్దవాళ్ళు సన్న దారం వాడతారు. పిల్లలకి 140 డీనియర్, వీలైతే 210 డీనియర్ దారం ఇవ్వండి (డీనియర్ అంటే దారం లావు లెక్క, అంకె పెరిగేకొద్దీ లావు). అది గట్టిగా లాగినా తెగదు. హుక్ కూడా పెద్దది కావాలి, 8 లేదా 10 సైజు. ఈ లెక్క తిరగేసి ఉంటుంది, అంకె పెరిగేకొద్దీ హుక్ చిన్నదవుతుంది, 20 సైజు అంటే చీమంత. కంగారులో చాలామంది 16, 18 కొనేస్తారు.

ఆన్‌లైన్‌లో అన్నీ కలిపిన కిట్‌లు ఉన్నాయి, అవి కొనొచ్చా?

చవక కిట్‌లు నాకు నచ్చవు. వాటిలో వైస్ హుక్‌ని సరిగా పట్టుకోదు, ఈకలు నాసిరకం, ఎప్పటికీ వాడని సామాను సగం ఉంటుంది. అదే డబ్బుతో పైన చెప్పిన ఐదూ విడిగా కొని, ఒకే ఒక్క ఫ్లైకి కావలసిన సరుకు తీసుకోండి. దగ్గర్లో ఫ్లై షాప్ ఉంటే పిల్లల్ని తీసుకుని వెళ్ళండి, "మా అబ్బాయి మొదటిసారి కడుతున్నాడు" అంటే అక్కడి వాళ్ళు ఓపిగ్గా చూపిస్తారు.

మొదటి ఫ్లైగా ఏది కట్టించాలి?

మా టేబుల్ మీద అందరికీ మొదటిది గ్రీన్ వీనీ. పెన్సిల్వేనియాలో బాగా పేరున్న ఫ్లై ఇది. చిలకపచ్చ రంగు షెనీల్ ఒక్కటే కావాలి. షెనీల్ అంటే మెత్తటి నూగున్న లావు దారం. హుక్ మీద దారం చుట్టి, షెనీల్‌ని తోక దగ్గర చిన్న మడతలా కట్టి, మిగతాది కన్ను (హుక్ కొసన లైన్ కట్టే రంధ్రం) దాకా చుట్టి ముడేస్తే అయిపోయింది. వసంతకాలం చివర్లో చెట్ల మీంచి సన్నటి పోగు పట్టుకుని వాగులోకి జారే పచ్చ పురుగు ఉంటుందే, దానిలా ఉంటుంది. చూడ్డానికి ఏమీ లేదనిపిస్తుంది గానీ ట్రౌట్ దాన్ని వదలదు.

ఇంకో రెండు తేలికవి చెబుతాను. శాన్ వాన్ వర్మ్ న్యూమెక్సికోలోని శాన్ వాన్ నది పేరు మీద వచ్చింది, ఒక ఎర్ర షెనీల్ ముక్కని హుక్ మీద అడ్డంగా కట్టడమే. దాని చివర్లని లైటర్‌తో కాస్త కాల్చి మొనదేలుస్తారు, ఆ పని పెద్దవాళ్ళది. రెండోది కిల్లర్ బగ్. ఇంగ్లండ్‌లోని విల్ట్‌షైర్‌లో ఏవన్ నదిని చూసుకునే ఫ్రాంక్ సాయర్ తయారుచేసింది. దారం కూడా లేదు, సన్న రాగి తీగ, బట్టలు రఫ్ఫు చేసే ఉన్ని, ఆ రెండే. ఆయన వాడిన చాడ్విక్స్ 477 అనే ఉన్ని తయారీ ఆగిపోయాక దాని కోసం ఇప్పటికీ జనం వెతుకుతుంటారు. పిల్లలకి మాత్రం లేత గోధుమరంగు ఉన్ని ఏదైనా చాలు.

ఇళ్ళు తుడిచే మైక్రోఫైబర్ మాప్ ఉంటుంది కదా, దాని పోగు ఒకటి కత్తిరించి పూస ఉన్న హుక్‌కి కడితే మాప్ ఫ్లై. దీన్ని ఫ్లై అనకూడదని కొందరు పెద్దలు పట్టుబడతారు. పిల్లలకి ఇది ఎంత ఇష్టమో చూస్తే ఆ వాదన పక్కన పెట్టేస్తారు.

ఈకలతో కట్టే అసలైన ఫ్లై ఎప్పుడు? ఏది?

పైవాటిలో ఒకటి ఐదుసార్లు ఒకేలా కట్టగలిగాక వూలీ బగ్గర్. ఇది కూడా మా రాష్ట్రానిదే, పెన్సిల్వేనియాకి చెందిన రస్సెల్ బ్లెస్సింగ్ 1967 నాటికి కట్టాడని చెబుతారు, దానికి ఆ పేరు పెట్టింది ఆయన చిన్న కూతురని కూడా చెబుతారు. పిల్లలకి ఈ సంగతి చెప్పండి, వాళ్ళు కట్టిన దానికి పేరు పెట్టుకునే హక్కు తమకుందని వెంటనే అర్థం చేసుకుంటారు.

కట్టే వరుస ఇది. 8 సైజు పొడవు కాడ హుక్ తీసుకుని, కన్ను కుడివైపు ఉండేట్టు వైస్‌లో బిగించండి. దారాన్ని కాడ పైనుంచి అవతలి వైపుకి వెళ్ళేట్టు చుట్టుకుంటూ వంపు దాకా వెళ్ళాలి. తోకకి మారబూ, అంటే టర్కీ కోడి నూగు ఈక. పేరు కొంగజాతి పక్షిదే గానీ ఇప్పుడు అమ్మేది టర్కీదే. తోక పొడవు కాడ పొడవంత ఉండాలి. మారబూ గాలికి ఇల్లంతా ఎగురుతుంది, ఫ్యాన్ కట్టేసి, వేళ్ళు కొంచెం తడి చేసుకుని పట్టుకుంటే దారంలా సన్నబడి మాట వింటుంది. తోక కట్టాక అక్కడే కోడిపుంజు మెడ ఈక ఒకటి, షెనీల్ ఒకటి కట్టండి. దారాన్ని ముందుకి తెచ్చేసి, షెనీల్‌ని కన్ను దగ్గరి దాకా చుట్టి కట్టండి. తర్వాత ఈకని షెనీల్ మీద ఎడంగా, నాలుగైదు చుట్లలో ముందుకి తెచ్చి కట్టి, ముడేయండి.

ఈక చుట్టడం చిన్న చేతులకి కష్టం, జారిపోతుంది. మొదటి కొన్నిసార్లు ఈక లేకుండా తోక, షెనీల్‌తోనే ఆపేయండి. చేపకి అది కూడా జలగలానే కనబడుతుంది. ఈక జారకుండా పట్టుకోవడానికి ప్రత్యేకమైన పటకారు అమ్ముతారు, బట్టల క్లిప్ చిన్నది ఉన్నా సరిపోతుంది.

ప్రతిసారీ కన్ను మూసుకుపోతోంది, ముడేయడానికి చోటుండట్లేదు. ఏం చేయాలి?

అందరికీ ఇదే, పెద్దవాళ్ళకి కూడా. కన్ను వెనకాల కనీసం రెండు కన్నులంత ఖాళీ వదలాలి. మాటల్లో చెబితే పిల్లలకి పట్టదు. కట్టడం మొదలుపెట్టేముందు హుక్ కాడ మీద ఆ చోట స్కెచ్ పెన్‌తో గీత పెట్టండి, లేదా అక్కడ వేరే రంగు దారం నాలుగు చుట్లు చుట్టి "ఈ గీత దాటొద్దు" అనండి. మూసుకుపోయిన కన్నుని సూదితో తెరవొచ్చు.

చివరి ముడి ఎలా వేయాలి? ఆ విప్ ఫినిష్ అసలు రావట్లేదు.

పిల్లలకి విప్ ఫినిష్ నేర్పే తొందరేమీ లేదు. రీఫిల్ తీసేసిన బాల్ పెన్ గొట్టం తీసుకోండి. దాని సన్న కొస చుట్టూ దారాన్ని ఒక మెలిక వేసి, ఆ కొసని హుక్ కన్ను మీద పెట్టి, మెలికని గొట్టం మీంచి హుక్ మీదికి జార్చి లాగండి. అలా మూడు నాలుగు ముడులు వేసి మీద ఒక చుక్క జిగురు పెడితే ఊడదు. వాళ్ళకి పదేళ్ళు దాటాక, మీకు ఓపిక ఉన్నప్పుడు విప్ ఫినిష్ సంగతి చూడొచ్చు.

జిగురు ఏది వాడాలి?

గోళ్ళకి వేసుకునే రంగులేని పాలిష్ చాలు, చాలామంది పెద్దవాళ్ళు వాడేది కూడా అదే. కిటికీ తెరిచి ఉంచండి. నీళ్ళతో కలిసే రకం హెడ్ సిమెంట్ దొరికితే ఇంకా మంచిది, వాసన ఉండదు. సూపర్ గ్లూ పిల్లలకి వద్దు. యూవీ రెజిన్ కూడా చిన్న పిల్లల చేతికి ఇవ్వను, గట్టిపడకముందు చర్మానికి అంటుకుంటే కొందరికి అలర్జీ వస్తుంది, దాన్ని గట్టిపరిచే టార్చి వెలుగు నేరుగా చూస్తే కళ్ళకి మంచిది కాదు.

మా పాప కట్టింది వంకరగా ఉంది. విప్పి మళ్ళీ కట్టించాలా?

వద్దు. ఈ పేజీలో ఒక్కటే గుర్తుంటుందంటే ఇది గుర్తుపెట్టుకోండి. మనం చదువు విషయంలో పెరిగిన తీరు వల్ల తప్పు కనబడగానే చెయ్యి దానంతట అదే ముందుకి వెళుతుంది. తోక పక్కకి తిరిగిందని, రంగులు కలవలేదని, ఇంకొకరి అబ్బాయి బాగా కట్టాడని అంటే ఆ పిల్ల వచ్చే శనివారం రాదు. నీళ్ళలో చేపకి ఆ వంకర కనబడదు, నలిగి, పోగులు లేచి, సగం ఊడిన ఫ్లైకి ఎక్కువ చేపలు పడడం ఎవరినడిగినా చెబుతారు. మనం చూడాల్సినవి రెండే: దారం ఊడకుండా ఉందా, కన్ను తెరిచి ఉందా. మిగతాదంతా వాళ్ళ ఇష్టం. గులాబీ రంగు తోక, ఊదా రంగు ఒళ్ళు అంటే కానివ్వండి.

వాళ్ళు కట్టింది వీలైనంత త్వరగా నీళ్ళలో వేయించండి. డబ్బాలో దాచి "ఎండాకాలంలో చూద్దాం" అంటే కట్టడం హోంవర్క్ అయిపోతుంది. బయట మంచు ఉంటే బాత్ టబ్‌లో నీళ్ళు పట్టి, దారం కట్టి లాగి చూడమనండి. మారబూ తోక నీళ్ళలో ఎలా కదులుతుందో ఒకసారి చూసిన పిల్లలు తర్వాతి ఫ్లైకి తోక ఎంత పొడవుండాలో వాళ్ళే చెబుతారు.

ఎంతసేపు కూర్చోబెట్టాలి?

అరగంట. వాళ్ళు ఇంకా కావాలన్నప్పుడే ఆపేయండి.

దారం తెగిన ప్రతిసారీ ఏడుపు. టెన్షన్ పడిపోతున్నాడు.

దారం లావుది మార్చారా? మార్చాక కూడా తెగుతుంటే బాబిన్ గొట్టం అంచు చూడండి, చవక వాటిలో ఆ అంచు గరుగ్గా ఉండి దారాన్ని కోస్తుంది. పింగాణీ గొట్టం ఉన్న బాబిన్ తీసుకుంటే ఆ బాధ తీరుతుంది. దారం హుక్ మొనకి తగిలినా తెగుతుంది, ఫోమ్ ముక్క గుచ్చమన్నది అందుకు కూడా. ఇవేవీ కాకపోతే ఒకసారి కావాలనే తెంపించండి, ఎంత లాగితే తెగుతుందో చేతికి తెలుస్తుంది. తెగిన చోట మళ్ళీ దారం చుట్టి కొనసాగించొచ్చని చూపిస్తే సగం భయం పోతుంది.

ఎడమచేతి వాటం పిల్లలకి?

వైస్‌ని తిప్పి కన్ను ఎడమవైపు పెట్టండి, అంతే. మీరు ఎదురుగా కూర్చుని చూపిస్తే వాళ్ళకి అద్దంలో చూసినట్టు సరిగ్గా అర్థమవుతుంది.

పెరట్లో రాలిన ఈకలు మా పిల్లలు ఏరుకొస్తున్నారు. వాడొచ్చా?

ఇది చాలామందికి తెలియదు. అమెరికాలో 1918 నాటి వలస పక్షుల చట్టం ప్రకారం రాబిన్, బ్లూ జే, కార్డినల్, కాకి, గద్ద, గుడ్లగూబ, ఇలా అక్కడి సహజమైన పక్షుల్లో దాదాపు అన్నిటి ఈకలూ దగ్గర పెట్టుకోవడం కూడా నేరమే, నేల మీద దొరికినా సరే. డేగజాతి ఈగల్స్‌కి విడిగా ఇంకా కఠినమైన చట్టం ఉంది. పిల్లలకి కోప్పడకుండా, చూసి, ఫొటో తీసి అక్కడే వదిలేయమనండి.

ఆ చట్టంలోకి రానివి ఉన్నాయి: ఇంటి పిచ్చుక, స్టార్లింగ్, ఊరి పావురం, ఇవి బయటి నుంచి వచ్చి స్థిరపడినవి. కోళ్ళు, టర్కీ, ఫెజెంట్ కూడా అందులో లేవు. వేటకి వెళ్ళే పొరుగువాళ్ళు లైసెన్స్ మీద పద్ధతి ప్రకారం కొట్టిన బాతుల ఈకలిస్తే ఫ్లైలకి వాడుకోవచ్చు, చట్టంలో దానికి ప్రత్యేకంగా వీలు ఇచ్చారు. కోళ్ళు పెంచుకునే స్నేహితులుంటే వాళ్ళ పుంజు రాల్చిన మెడ ఈకలు అడగండి, పిల్లలకి అంతకన్నా మంచి బహుమతి ఉండదు.

ఈకల కోసం మనుషులు ఎంత దూరం వెళతారో పెద్ద పిల్లలకి చెప్పొచ్చు. 2009లో ఇంగ్లండ్‌లోని ట్రింగ్‌లో ఉన్న నేచురల్ హిస్టరీ మ్యూజియం నుంచి, సాల్మన్ ఫ్లైలు కట్టే ఒక యువకుడు 299 పక్షుల చర్మాలు దొంగిలించాడు. శాస్త్రవేత్తలు వందేళ్ళకు పైగా కాపాడిన నమూనాలు అవి. ఏ ఈక ఎక్కడి నుంచి వచ్చిందని అడిగే అలవాటు చిన్నప్పుడే రావాలని నేను గట్టిగా అనుకుంటాను.

నెమలి ఈక పోగులు ఫ్లైలకి వాడతారట. ఇండియా వెళ్ళినప్పుడు తెచ్చుకోవచ్చా?

వాడతారు, చాలా ఎక్కువగా. ఆకుపచ్చగా మెరిసే ఆ పోగుల్ని కాడకి చుడితే బీటిల్ పురుగు ఒళ్ళులా ఉంటుంది. కానీ ఇండియా నుంచి తేవద్దు. నెమలి మన జాతీయ పక్షి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది, ఈకలు దేశం బయటికి పంపడం నిషేధం. మన ఊళ్ళో నెమలి పింఛాలు బహిరంగంగా అమ్ముతారు కదా అంటారు. రాలిన ఈకలు దేశంలో అమ్ముకోవడం వేరు, సూట్‌కేస్‌లో పెట్టుకుని విమానం ఎక్కడం వేరు. అమెరికా ఫ్లై షాపుల్లో పెంపుడు నెమళ్ళవి కొన్ని డాలర్లకే దొరుకుతాయి.

అడవి కోడి ఈకల సంగతీ అంతే. దక్షిణ భారతదేశపు అడవి కోడి మెడ మీద, మైనం చుక్క పెట్టినట్టు మెరిసే మచ్చలుంటాయి. పాతకాలపు సాల్మన్ ఫ్లైలు చాలావాటికి అవి కావాలి, అందుకోసం బ్రిటిష్ కాలం నుంచి మన అడవుల్లో వాటిని విపరీతంగా పట్టారు. ఇప్పుడు ఇండియా నుంచి ఎగుమతి లేదు, విదేశాల్లో పెంచిన పక్షులవి బాగా ఖరీదుకి అమ్ముతారు. తాతయ్య పెంచిన నాటు కోడి పుంజు ఈకలు కూడా తేవద్దు, బర్డ్ ఫ్లూ భయంతో పక్షి ఈకల మీద ఇక్కడ దిగుమతి నిబంధనలు గట్టిగా ఉంటాయి.

మేం శాకాహారులం. ఇది మాకు సరిపడే పనేనా?

నిజం చెప్పి మీకే వదిలేస్తాను. ఫ్లైల కోసం అమ్మే మంచి పుంజు ఈకలు మాంసం కోసం పెంచిన కోళ్ళవి కావు. కొలరాడోలోని వైటింగ్ ఫార్మ్స్ లాంటి చోట్ల ఈకల కోసమే తరతరాలుగా మేలు జాతి పుంజుల్ని పెంచుతారు, ఈక కావాలంటే పక్షి చావాల్సిందే. మారబూ మాత్రం మాంసానికి పెంచే టర్కీల నుంచి మిగిలేది. ఇవేవీ వద్దనుకుంటే షెనీల్, ఫోమ్, రబ్బరు కాళ్ళు, నైలాన్ పోగులతో జంతువు నుంచి వచ్చినదేదీ లేకుండా ఎన్నో ఫ్లైలు కట్టొచ్చు, గ్రీన్ వీనీ, శాన్ వాన్ వర్మ్, మాప్ ఫ్లై అలాంటివే.

చేపని పట్టి వదిలేస్తే దానికి నొప్పి లేదని నేను పిల్లలకి చెప్పను. బార్బ్ లేని హుక్ వాడడం, చెయ్యి తడి చేసుకుని పట్టుకోవడం, వీలైనంత నీళ్ళలోనే ఉంచి వదలడం, నీళ్ళు వేడెక్కిన ఎండాకాలం రోజుల్లో ట్రౌట్ జోలికి వెళ్ళకపోవడం, ఇవి నేర్పుతాను. మాకు తెలిసిన ఒక కుటుంబంలో అమ్మాయి కట్టడమే చేస్తుంది, చేపలు పట్టదు. కట్టినవి స్నేహితులకి ఇస్తుంది. అది కూడా సంపూర్ణమైన పనే.

ఇంట్లో ఉన్న సామానుతో ఏమైనా కట్టొచ్చా?

చాలా. అల్లిక ఉన్ని, క్రిస్మస్ చెట్టుకి వేలాడదీసే మెరుపు పోగులు, క్రాఫ్ట్ షాపు ఫోమ్ షీట్. పాత పట్టుచీర అంచులో ఊడిన జరీ పోగు ఉంటే, షెనీల్ మీద ఎడంగా చుట్టండి, నీళ్ళలో భలే మెరుస్తుంది. రెండు మిల్లీమీటర్ల నల్ల ఫోమ్ ముక్కని హుక్ మీద మధ్యలో బిగించి, రెండు వైపులా సన్నటి రబ్బరు పోగులు కడితే తేలే సాలీడు తయారవుతుంది.

ఇండియా నుంచి అమ్మమ్మ, నానమ్మ వాళ్ళు వచ్చి ఉన్నారు. వాళ్ళని కూర్చోబెట్టొచ్చా?

తప్పకుండా. పూలమాల కట్టే చేతికి ఈ పని కొత్తగా అనిపించదు, కాడలు జారకుండా వేలితో మెలిక వేసి బిగించినట్టే ఇక్కడ హుక్ మీద మెలిక వేసి బిగించాలి. మా టేబుల్ మీద ఒక అమ్మమ్మగారు గొట్టం అవసరం లేకుండా వేళ్ళతోనే ముడేసి, పిల్లలందరికీ అదే నేర్పేశారు. చూపు సన్నగిల్లిన వాళ్ళకి భూతద్దం ఉన్న దీపం పెట్టండి.

సామాను ఎలా దాచాలి?

జిప్ ఉన్న సంచుల్లో. కొత్తగా వచ్చిన ఈకల్ని, ముఖ్యంగా ఎవరైనా ఇచ్చినవి, సంచిలో గట్టిగా మూసి కొన్ని రోజులు ఫ్రీజర్‌లో పెట్టి తీయండి, పురుగులుంటే చస్తాయి. లేకపోతే ఆ పురుగులు మీ పట్టుచీరల దాకా వెళతాయి.

ఇలా కట్టుకుంటే డబ్బు మిగులుతుందా?

మిగలదు. షాపులో ఒక ఫ్లై రెండు మూడు డాలర్లు, లెక్క వేస్తే మిగిలినట్టే ఉంటుంది గానీ పిల్లలకి ప్రతి రంగూ కావాలి.

ఫ్లై రాడ్ లేదు, ట్రౌట్ వాగులు దగ్గర్లో లేవు. మరి కట్టి ఏం లాభం?

మీ కాలనీ చెరువులో బ్లూగిల్ ఉంటుంది. అరచేతంత చేప, అమెరికాలో చాలా రాష్ట్రాల్లో దొరుకుతుంది, పిల్లల కోసమే పుట్టిందా అనిపిస్తుంది. నోరు చిన్నది కాబట్టి 10 సైజు హుక్ సరిపోతుంది, పైన చెప్పిన ఫోమ్ సాలీడుని ఎగిరి పట్టుకుంటుంది. ఫ్లై రాడ్ లేకపోతే మామూలు స్పిన్నింగ్ రాడ్ మీద పారదర్శకమైన ప్లాస్టిక్ బుడగ ఒకటి కట్టి, దానికి మూడు నాలుగు అడుగుల దూరంలో ఫ్లై కట్టండి. బుడగ బరువుకి దూరం వెళుతుంది, మెల్లగా చుట్టుకుంటూ రావడమే.

లైసెన్స్ కావాలా?

కట్టడానికి అక్కర్లేదు. పట్టడానికి, పెన్సిల్వేనియా, న్యూజెర్సీ, కాలిఫోర్నియాల్లో 16 ఏళ్ళు నిండాకే కావాలి, టెక్సస్‌లో 17 నిండాక. మీరు కూడా రాడ్ పట్టుకుని విసిరేట్టయితే మీకు లైసెన్స్ ఉండాలి. రాష్ట్రం వెబ్‌సైట్‌లో ఆ నీళ్ళకి ఉన్న నిబంధనలు వెళ్ళేముందు చూసుకోండి.

పిల్లలకి దీనివల్ల చదువు పరంగా ఏమైనా ఉపయోగం ఉందా?

మన వాళ్ళందరూ అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. వాగులో మోకాలి లోతు కూడా లేని చోట ఒక రాయి తిప్పి చూడండి, అడుగున మేఫ్లై అనే పురుగు పిల్లలు, చిన్న రాళ్ళు అతికించుకుని గూడు కట్టుకున్న క్యాడిస్ పురుగులు ఉంటాయి. తెల్ల ట్రేలో కాసిని నీళ్ళు పోసి వాటిని అందులో వేసి, మూడు తోకలా రెండు తోకలా, మొప్పలు ఎక్కడున్నాయి అని చూసి, తిరిగి వదిలి, ఇంటికొచ్చి అదే రంగులో కట్టిన పిల్లకి ఆ పురుగు జీవితం మొత్తం తెలుస్తుంది. స్టోన్‌ఫ్లై అనే పురుగులు మురికి నీళ్ళలో బతకవు, అవి కనబడ్డాయంటే వాగు శుభ్రంగా ఉన్నట్టు. మా దగ్గర పెన్స్ క్రీక్‌లో మే నెలాఖరున గ్రీన్ డ్రేక్ అనే పెద్ద మేఫ్లైలు సాయంత్రం పూట గుంపులుగా లేస్తాయి, ఆ వారం పిల్లలు మాట్లాడేది వాటి గురించే. ట్రౌట్ అన్‌లిమిటెడ్ అనే సంస్థ స్కూళ్ళలో ట్రౌట్ గుడ్లు పొదిగించి పిల్లల చేతే వాగులో వదిలించే కార్యక్రమం నడుపుతుంది, మీ స్కూల్లో ఉందేమో టీచర్‌ని అడగండి. స్కౌట్స్‌లో ఫ్లై ఫిషింగ్‌కి మెరిట్ బ్యాడ్జ్ ఉంది, ఫ్లైలు కట్టడం అందులో భాగమే.

సెలవులకి ఇండియా వెళ్ళినప్పుడు ఈ ఫ్లైలు అక్కడ పనికొస్తాయా?

ట్రౌట్ ఉండేది హిమాచల్‌లో తీర్థన్ లాంటి లోయల్లో, కశ్మీర్‌లో, దక్షిణాన నీలగిరి, మున్నార్ కొండల్లో, బ్రిటిష్ వాళ్ళు తెచ్చి వదిలినవి. మన రెండు రాష్ట్రాల్లో లేవు. కానీ మన చెరువుల్లో కొరమీను ఉంది, తెలంగాణ రాష్ట్ర చేప అదే. నీటి పైన కప్పలా కదిలేదాన్ని కొరమీను వదలదు, అందుకని పెద్ద హుక్ మీద లావు ఫోమ్‌తో, రబ్బరు కాళ్ళతో కట్టింది తీసుకెళ్ళండి. పళ్ళు పదును, చేపని పట్టుకునేటప్పుడు పిల్లల్ని దూరంగా ఉంచండి. ఫ్లైలు చేతి సంచిలో కాకుండా చెక్ ఇన్ సూట్‌కేస్‌లో పెట్టండి. ఊళ్ళో చెరువు చాలాసార్లు మత్స్యకారుల సహకార సంఘం చేతిలో ఉంటుంది, గాలం వేసేముందు వాళ్ళని అడగాలి. పిల్లల చేతే అడిగించండి, వాళ్ళు కట్టిన ఫ్లై చూపించమనండి, కొరమీను ఏ మూల ఉంటుందో కూడా ఆ పెద్దలే చెబుతారు.